ఇల్లు కట్టి చూడు, ఈఆర్‌పీ పెట్టి చూడు

ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారి 2023 ఆగస్టు 1 నుంచి మరో వ్యాపారికి రాసే ప్రతి బిల్లునూ ప్రభుత్వ పోర్టల్‌కు పంపి 64 అక్షరాల నంబరు, క్యూఆర్ కోడ్ తెచ్చుకోవాలి. అవి లేని బిల్లు చట్టం దృష్టిలో బిల్లే కాదు. కొన్నవాడికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, క్రెడిట్ రాకపోతే అతను డబ్బు ఆపేస్తాడు. 2020 అక్టోబరులో 500 కోట్ల కంపెనీలతో మొదలైన ఈ-ఇన్వాయిస్ నిబంధన 100, 50, 20, 10 కోట్లు అంటూ మెట్లు దిగి మూడేళ్లలోపే గల్లీ ఆఫీసుల్లోకి వచ్చేసింది. 2017-18 నుంచి ఏ ఒక్క ఏడాది ఆ గీత దాటినా చాలు, తర్వాత వ్యాపారం తగ్గిందని తప్పించుకోవడానికి లేదు. ‘మన కంపెనీకి ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకుందాం?’ అన్న ప్రశ్నను హైదరాబాద్ శివార్లలోని ప్రగతి నగర్ లాంటి చోట్ల చాలామంది గట్టిగా వేసుకున్నది అప్పుడే.

ప్రగతి నగర్ సంగతి కొంచెం చిత్రంగా ఉంటుంది. 2019లో నిజాంపేట, బాచుపల్లితో కలిపి కార్పొరేషన్ చేసేదాకా ఇది పంచాయతీ. పొద్దున్నే ఇక్కడి నుంచి హైటెక్ సిటీకి, గచ్చిబౌలికి బయల్దేరేవాళ్లలో ఒరాకిల్, మైక్రోసాఫ్ట్, సేల్స్‌ఫోర్స్ లాంటి కంపెనీల్లో, ప్రపంచమంతా వాడే వ్యాపార సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లున్నారు. అటు తిరిగితే బాచుపల్లి మందుల ఫ్యాక్టరీలు, జీడిమెట్ల, గాజులరామారం, బాలానగర్ పారిశ్రామికవాడలు. వాటిని నమ్ముకుని బతికే లేతు షాపులు, మందుల డిస్ట్రిబ్యూటర్లు, మాడ్యులర్ కిచెన్లు చేసేవాళ్లు, నాలుగైదు అపార్ట్‌మెంట్లు కట్టిన బిల్డర్లు, ముప్పై మందితో నడిచే ఐటీ సర్వీసు కంపెనీలు ఈ చుట్టుపక్కలే ఉంటాయి. వాళ్ల లెక్కలు సగం టాలీలో, కొంత ఎక్సెల్‌లో, మిగతావి యజమాని వాట్సాప్‌లో. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ శాప్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ నేర్పే ఇన్‌స్టిట్యూట్లు ఏళ్ల తరబడి వేలమందిని తయారుచేశాయి. వాళ్లు జర్మనీ, అమెరికా కంపెనీల లెక్కలు చక్కబెడతారు గానీ బాలానగర్ లేతు షాపుకు దొరకరు. దొరికినా ఏడాది అనుభవం రాగానే మాదాపూర్ వైపు వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు.

ఈ విషయం మీద దొరికే సలహాలు ఎక్కువగా ఫీచర్ల పట్టికలతో మొదలవుతాయి. ఫలానా దాంట్లో ఇన్ని మాడ్యూళ్లు, ఫలానా దాంట్లో అన్ని రిపోర్టులు అని. నా లెక్కలో ఆ పట్టికకు విలువ చాలా తక్కువ. చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ నిలబడేది, పడిపోయేది రోజూ దాని ముందు కూర్చుని ఎంట్రీ కొట్టే మనిషి వల్ల. పాతిక వేల జీతానికి దొరికే అకౌంటెంటు, గోడౌన్ చూసుకునే కుర్రాడు, నెలకోసారి వచ్చే ఆడిటర్ గారి అసిస్టెంటు. వీళ్లు నడపలేనిది ఎంత గొప్పదైనా ఆరు నెలల్లో పక్కకు పోతుంది, కట్టిన డబ్బు కట్టినట్టే పోతుంది.

టాలీ ఇన్నేళ్లు ఏలడానికి కారణం అదే. శ్యామ్ సుందర్ గోయెంకా, భరత్ గోయెంకా అనే తండ్రీకొడుకులు 1986లో బెంగళూరులో మొదలుపెట్టిన ఈ కంపెనీ చేసిన అసలు పని వోచర్‌ను మన అకౌంటెంటు చేతివేళ్లకు అలవాటు చేయడం. బీకాం చదివి ఆరు నెలల కోర్సు చేసిన ఎవరైనా మొదటిరోజే కూర్చుని పని మొదలుపెడతారు. ఒకరు మానేస్తే వారంలో ఇంకొకరు దొరుకుతారు. ఆడిటర్ గారు డేటా పంపమంటే ఫైలు కాపీ చేసి పంపితే సరి. ఒక కంప్యూటర్‌కు సరిపోయే సిల్వర్ లైసెన్స్ 22,500 రూపాయల ప్రాంతంలో, ఆఫీసు నెట్‌వర్క్‌లో పలువురు వాడుకునే గోల్డ్ 67,500 ప్రాంతంలో, జీఎస్టీ అదనంగా దొరుకుతున్నాయి. అప్‌డేట్ల కోసం ఏటా కట్టేది వేరు. ఒకసారి కొంటే సొంతమే అన్న ధీమా మన వ్యాపారులకు చాలా ఇష్టం. ఈ-ఇన్వాయిస్, ఈ-వే బిల్లు అందులోనే అయిపోతాయి. పది కోట్లలోపు కొని అమ్మే వ్యాపారికి ఇంకేదో కావాలని ఎవరైనా అంటే, అమ్మేవాడి కమీషన్ ఎంతో ముందు అడగాలి.

ఉత్తరాదిలో బలంగా ఉన్న బిజీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను 2022లో ఇండియామార్ట్ 500 కోట్లకు కొన్నది. అది కూడా ఇదే తరహా. మందుల డిస్ట్రిబ్యూటర్ల దారి వేరు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదికి ఒకటి ఫ్రీ స్కీములు, గడువు తీరి వెనక్కి వచ్చే సరుకు వాళ్ల రోజువారీ తలనొప్పులు. అందుకే మార్గ్ లాంటివి ఆ లైనులో పాతుకుపోయాయి. కౌంటర్ మీద బిల్లు కొట్టుకునే చిన్న షాపుకు ఫోన్‌లో నడిచే వ్యాపార్ సరిపోతుంది. వీటి మీద ఎక్కువ మాట్లాడే పని లేదు.

మాట్లాడాల్సింది తయారీ గురించి. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, దాని నీడలో రెండు తరాల టూల్‌రూములు ఎదిగాయి. అలాంటి ఒక షాపులో సరుకు ఎలా తిరుగుతుందో చూడండి. పెద్ద కంపెనీ రాడ్ పంపుతుంది, వీళ్లు టర్నింగ్ చేస్తారు. హీట్ ట్రీట్‌మెంట్‌కు ఒకచోటికి, ప్లేటింగ్‌కు ఇంకోచోటికి డెలివరీ చలాన్ మీద పంపుతారు. వెళ్లినవి 500, వచ్చినవి 487, అందులో 6 రిజెక్టు, స్క్రాప్ తూకం వేరు. జీఎస్టీ చట్టం ప్రకారం జాబ్ వర్క్‌కు పంపిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రాకపోతే, పంపిన రోజే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను వేస్తారు. పంపిన సరుకు వివరాలు ఐటీసీ-04 ఫారంలో 5 కోట్లు దాటినవాళ్లు ఆరు నెలలకోసారి, మిగతావాళ్లు ఏడాదికోసారి చెప్పాలి. టాలీలోనూ జాబ్ వర్క్ ఏర్పాటు ఉంది, చేసేవాళ్లు చేస్తున్నారు. కానీ రేపు ఏ మెషీన్ మీద ఏ ఆర్డర్ ఎక్కించాలి, ప్లేటింగ్ నుంచి రావాల్సిన 13 ముక్కలు ఎవరి దగ్గర ఆగాయి, ఈ ఆర్డర్‌లో మెషీన్ గంటలకు తగ్గ డబ్బు మిగిలిందా అని అడిగితే అది నోరు విప్పదు. ఆ ప్రశ్నలు వారానికి రెండుసార్లు అడగాల్సి వచ్చినవాడికే ఈఆర్‌పీ, అంటే కొనుగోళ్లు, స్టాకు, తయారీ, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్ అవసరం.

అక్కడ ఎంపిక కష్టమవుతుంది. ఓపెన్ సోర్స్‌లో రెండు పేర్లు వినిపిస్తాయి. 2005లో బెల్జియంలో టైనీఈఆర్‌పీగా పుట్టిన ఓడూకు గాంధీనగర్‌లో పెద్ద ఆఫీసు ఉంది. ముంబైకి చెందిన రుషభ్ మెహతా తన ఇంటి ఫర్నిచర్ వ్యాపారానికి ఈఆర్‌పీ పెట్టబోయి దెబ్బతిన్న అనుభవంతో సొంతంగా మొదలుపెట్టిందే ఈఆర్‌పీ నెక్స్ట్. కోడ్ మొత్తం ఉచితం, జీఎస్టీ ఏర్పాట్లు బాగున్నాయి, తయారీకి కావాల్సిన బిల్ ఆఫ్ మెటీరియల్, వర్క్ ఆర్డర్, సబ్‌కాంట్రాక్టింగ్ ఉన్నాయి. ఉచితం అన్న మాట చూసి మోసపోకూడదు. సర్వర్ అద్దె, అమర్చే మనిషి, అప్‌గ్రేడ్ చేసిన రోజు విరిగిపోయే సొంత మార్పులు, ఇవన్నీ మన జేబు నుంచే. అయినా సొంత మనుషుల్లో కంప్యూటర్ మీద ఆసక్తి ఉన్న ఇంజనీరు ఒక్కరున్న కంపెనీకి నా మొదటి సలహా ఇదే. ప్రగతి నగర్‌లో అలాంటి కొడుకో కోడలో లేని వ్యాపారి ఇల్లు అరుదు.

మన ఊళ్లోనే పుట్టిన ఫోకస్ సాఫ్ట్‌నెట్‌ను చాలామంది మర్చిపోతారు. 1992 నుంచి హైదరాబాద్ కేంద్రంగా నడుస్తూ గల్ఫ్ దేశాల్లో బాగా అమ్ముడుపోయిన సాఫ్ట్‌వేర్ అది. గల్ఫ్‌కు సరుకు పంపే కంపెనీలు దాన్ని చూడకుండా వదలకూడదు. ఇక శాప్ బిజినెస్ వన్, మైక్రోసాఫ్ట్ బిజినెస్ సెంట్రల్ ఉన్నాయి. మొదటిది ఇజ్రాయెల్ కంపెనీ నుంచి, రెండోది డెన్మార్క్ కంపెనీ నుంచి 2002లోనే ఆ దిగ్గజాలు కొనుక్కున్నవి. మైక్రోసాఫ్ట్‌లో ఆ వ్యాపార సాఫ్ట్‌వేర్ విభాగాన్ని కొంతకాలం నడిపింది హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్లే. రెండూ గట్టివే, ఖరీదూ గట్టిదే. యాభై అరవై కోట్లు దాటి, విదేశీ కొనుగోలుదారో బ్యాంకో ‘మీ సిస్టమ్ ఏమిటి’ అని అడిగే స్థాయి వచ్చాక ఆలోచించవచ్చు. అంతకు ముందే గొప్ప కోసం పెట్టుకున్నవాళ్లలో చాలామంది చివరికి అందులో బిల్లు మాత్రమే కొడుతున్నారు.

ఐటీ సర్వీసు కంపెనీలకు పని సులువు. వాళ్లకు గోడౌన్ లేదు, ఉన్నదల్లా మనుషులు, గంటలు, డాలర్లు. విదేశీ క్లయింటుకు ఐజీఎస్టీ లేకుండా బిల్లు వేయాలంటే ఏటా ఎల్‌యూటీ (లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్) దాఖలు చేయాలి, డాలరు రేటు తేడా లెక్కలో చూపాలి, దేశీ క్లయింటు కోసుకున్న టీడీఎస్ సరిచూసుకోవాలి. శ్రీధర్ వెంబు, ఆయన భాగస్వాములు 1996లో మొదలుపెట్టిన చెన్నై కంపెనీ జోహో వాళ్ల బుక్స్ దీనికి చక్కగా సరిపోతుంది. ఆడిటర్ గారు తన ఆఫీసు నుంచే చూసుకోవచ్చు. జీతాలకు మాత్రం వేరే తీసుకోండి. పదిమంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్, తెలంగాణ వృత్తి పన్ను జీతాన్ని బట్టి నెలకు 150, 200. 2025 నవంబరు 21న కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక వేతనం అంటే ఏమిటన్న నిర్వచనమే మారింది. ఇలాంటి మార్పులను ఎక్సెల్‌లో వెంటాడటం వృథా. 2015 నుంచి హైదరాబాద్‌లోనే ఉన్న జీతాల సాఫ్ట్‌వేర్ కంపెనీ కేకా సరిగ్గా ఈ సైజు కంపెనీలను చూసే ఎదిగింది.

బిల్డర్ల సంగతి వీళ్లందరికంటే చిక్కు. రెరా చట్టం కొనుగోలుదారుల నుంచి వసూలైన దాంట్లో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచమంటుంది. సైటు వారీగా సిమెంటు, స్టీలు, మేస్త్రీ అడ్వాన్సులు, కొలతల పుస్తకం, కాంట్రాక్టరు బిల్లులో కోసే టీడీఎస్ అన్నీ కలవాలి. టాలీలో కాస్ట్ సెంటర్లు పెట్టి నెట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. మూడు సైట్లు దాటితే అది ఎక్సెల్ షీట్ల అడవి అవుతుంది. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంటే ముందు, సైటులో దిగిన ప్రతి లారీకీ ఆ పూటే ఫోటోతో ఎంట్రీ పడే అలవాటు కావాలి. అది లేని బిల్డరుకు ఏది అమ్మినా పాపమే.

చట్టం వైపు నుంచి ఇంకో మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల చట్టం కింద నమోదైన ప్రతి కంపెనీ, ఎంత చిన్నదైనా, ప్రతి మార్పునూ తేదీతో సహా పట్టి ఉంచే ఎడిట్ లాగ్ ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలి. ఆ లాగ్‌ను ఆపేసే వీలుండకూడదు, అది నిజంగా పనిచేసిందో లేదో ఆడిటర్ తన నివేదికలో రాయాలి. సొంత యాజమాన్యాలకు, పార్ట్‌నర్‌షిప్‌లకు ఇది వర్తించదు. ఇదొక కాగితం తంతు అనుకునేవాళ్లకు మాదాపూర్‌లోనే పాఠం ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ తర్వాత సాగిన దర్యాప్తులో 7,500కు పైగా దొంగ ఇన్వాయిస్‌లు బయటపడ్డాయి. వాటిని కంపెనీ సొంత ఇన్వాయిస్ వ్యవస్థలోకే ప్రత్యేక అధికారాలున్న లాగిన్‌తో ఎక్కించారన్నది సీబీఐ వాదన. అంత పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే అలా జరిగితే, యజమాని పాస్‌వర్డ్ ఆఫీసంతా తెలిసిన చోట ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వని కంపెనీ ఎడిట్ లాగ్ ఉన్నదాన్ని కొన్నా ప్రయోజనం సున్నా.

అమ్మేవాళ్లు ఎక్కువగా దాచే విషయం కస్టమైజేషన్. ‘మీకు ఎలా కావాలంటే అలా మార్చేస్తాం సార్’ అన్న మాట వినగానే జాగ్రత్తపడాలి. జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లీడల్ 2011లో శాప్ పెట్టడం మొదలుపెట్టింది. సరుకు విలువను అమ్మకం ధరతో లెక్కించడం ఆ సాఫ్ట్‌వేర్ పద్ధతి, కొన్న ధరతో లెక్కించడం లీడల్ పద్ధతి. కంపెనీ తన పద్ధతి వదలలేదు, సాఫ్ట్‌వేర్‌ను మార్చుకుంటూ పోయింది. ఏడేళ్లకు, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయన్న వార్తల మధ్య 2018లో మొత్తం ఆపేసింది. మన దగ్గర అంకెలు చిన్నవి, కథ మాత్రం అదే. బిల్లు కింద నాలుగు లైన్లు వేరేలా రావాలని, డిస్కౌంట్ ముందు కాకుండా తర్వాత పడాలని మొదలై, చివరికి రాసిన కుర్రాడికి తప్ప ఎవరికీ అర్థంకాని సరుకు తయారవుతుంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారి సిమెంటు 28 నుంచి 18కి, చాలా మందులు 12 నుంచి 5కి దిగినప్పుడు, తేదీ పెట్టి రేటు మార్చుకునే మామూలు సాఫ్ట్‌వేర్లలో అది కాసేపటి పని. రేటును ప్రోగ్రాంలోనే రాయించుకున్నవాళ్లకు ఆ రాసిన మనిషిని వెతకడమే పెద్ద పని.

డెమో అంటే అమ్మేవాడు తన నమూనా కంపెనీ చూపించడం కాదు. మీ దగ్గరి కష్టమైన బిల్లులు మీరే పట్టుకెళ్లండి. సగం సరుకు వెనక్కి వచ్చిన అమ్మకం, మనకు అమ్మేవాడే మన దగ్గర కొన్న కేసు, అడ్వాన్సు తీసుకుని మూడు విడతల్లో పంపిన ఆర్డర్ అక్కడికక్కడే ఎంట్రీ చేసి చూపమనండి. విజయవాడలో కూడా గోడౌన్ ఉంటే 36తో మొదలయ్యే తెలంగాణ జీఎస్టీ నంబరు నుంచి 37తో మొదలయ్యే ఆంధ్ర నంబరుకు సొంత సరుకు పంపినా ఐజీఎస్టీ బిల్లు పడాలి, అదీ చూపించాలి. ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న తయారీదారులకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ ఖర్చు కట్టిన ఏడాదికి గానీ ఆదాయపు పన్నులో చెల్లదు. అలాంటి బాకీలు గడువుకు ముందే తెర మీద కనబడతాయా అని అడగండి. రేపు మానేస్తే పార్టీల బాకీలు, స్టాక్, పాత వోచర్లు మొత్తం ఎక్సెల్‌లోకి ఎలా దింపుకోవాలో డెమోలోనే చేయించి చూడండి. అద్దె పద్ధతిలో తీసుకున్న సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టడం ఆపితే ఎన్ని రోజులు లోపలికి రానిస్తారో ఒప్పందంలో రాయించుకోండి. సర్వర్ దేశం బయట ఉంటే, కంపెనీల చట్టం ప్రకారం లెక్కల బ్యాకప్ రోజూ మన దేశంలోని సర్వర్‌లో ఉండాలి.

ఎక్కువ ప్రాజెక్టులు చచ్చేది సరుకు పేర్ల దగ్గర. ఒకే రాడ్ ‘ఎంఎస్ రౌండ్ 20’, ‘20 ఎంఎం రాడ్’, ‘రౌండ్ బార్ 20’ అని మూడు పేర్లతో మూడు చోట్ల స్టాక్ చూపిస్తుంది. హెచ్ఎస్ఎన్ కోడ్ ఒకదానికి నాలుగంకెలు, ఇంకోదానికి ఆరు, మూడోదానికి ఖాళీ. 5 కోట్లు దాటినవాళ్లు ఆరంకెలు వేయాలి. ఈ చెత్తను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే అది చెత్తనే వేగంగా చూపిస్తుంది. పాత స్టాకు లెక్కపెట్టి, పేర్లు ఒకటి చేసి, పార్టీలతో బాకీలు రాతపూర్వకంగా ఒప్పించుకోవడానికి కనీసం నాలుగు నెలలు కావాలి. ఇది అమ్మేవాడు చేసిపెట్టే పని కాదు, డబ్బిచ్చినా మంచిగా రాదు. గోడౌన్‌లో ఏళ్లుగా ఉన్న మనిషే చేయగలడు.

అందుకే ఏప్రిల్ 1న మొదలుపెట్టాలనుకునేవాళ్లు నవంబరు చివరికల్లా పని ఎత్తుకోవాలి. మార్చిలో నిర్ణయం తీసుకున్నవాళ్లు ఇంకో ఏడాది పాతదాంట్లోనే ఉండటం మేలు. మొదలయ్యాక కనీసం ఒక జీఎస్టీ రిటర్న్ పూర్తయ్యేదాకా పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపండి, అకౌంటెంటుకు ఆ నెల అదనపు జీతం ఇవ్వండి. లైసెన్స్‌కు ఎంత పెడుతున్నారో కనీసం అంతే డబ్బు అమర్చడానికి, నేర్పడానికి పక్కన పెట్టండి. అది లేకపోతే చిన్న లైసెన్స్ కొనండి.

నా తీర్పు ఇది. కొని అమ్మేవాళ్లు, కౌంటర్ వ్యాపారులు టాలీలోనో తమ లైనుకు చెందిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనో ఉండిపోండి. గంటలు అమ్మే ఐటీ కంపెనీలు క్లౌడ్ పుస్తకాలు, విడిగా జీతాల సాఫ్ట్‌వేర్ తీసుకోండి. జాబ్ వర్క్, తయారీ ఉన్నవాళ్లు ఓపెన్ సోర్స్ ఈఆర్‌పీని ఒకే ఒక్క విభాగంతో, కొనుగోళ్లు–స్టాకుతో మొదలుపెట్టి ఏడాది తర్వాత రెండోది కలపండి. ఏది తీసుకున్నా డెమోకు యజమాని ఒక్కరే కూర్చోవద్దు, గోడౌన్ చూసే మనిషిని, అకౌంటెంటును కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్లు వద్దన్నది కొనకండి.